బెంగళూరు దాటితే భారతం

బెంగళూరులో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చిన తెలుగు తల్లిదండ్రులకు మొదటి వారాంతం లాల్‌బాగ్‌తో గడిచిపోతుంది. రెండోది ఇస్కాన్ గుడి, కబ్బన్ పార్కు, తిరుగుదారిలో ఒక మాల్. మూడో శనివారానికి ఫ్లాటులో మాటలు అడుగంటుతాయి. నంది కొండకు పోవాలంటే తెల్లారకముందే లేవాలి. మైసూరంటే పోనూ రానూ రోడ్డు మీదే పొద్దు పోతుంది. "మీ పని మీరు చేసుకోండి, మేం టీవీ చూస్తాంలే" అని నాన్నగారు రిమోట్ అందుకుంటారు.

ఆ టీవీలో రానిది కర్ణాటక సరిహద్దుకు ఇవతల, ఆంధ్ర వైపున జరుగుతూ ఉంటుంది. చింతామణి మీదుగా వస్తే మదనపల్లె, ముళబాగిలు వైపు నుంచి తిరిగితే పుంగనూరు, చెన్నై రైలెక్కి బంగారుపేట దాటితే కుప్పం. ఎటు చూసినా బెంగళూరు నుంచి నూట పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. ట్రావెల్స్ వాళ్లు ఈ వైపున హార్స్‌లీ కొండనొక్కదాన్నే అమ్ముతారు. మంచిదే, కొండ చల్లగానే ఉంటుంది. కానీ ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల చూడవలసిన అసలు వినోదానికి టికెట్టు లేదు, అమ్మేవాడూ లేడు. ఊరు తన కోసం తను పెట్టుకున్న వేడుక అది. మన సెలవును బట్టి దాని రోజు మారదు. దాని రోజును బట్టి మనమే సెలవు పెట్టుకోవాలి.

దాని పేరు భారతం.

"మా ఊర్లో భారతం పెట్టినారు" అని ఈ వైపు వాళ్లు అంటే పుస్తక పఠనం అనుకోకండి. ఊళ్లో ధర్మరాజుల గుడో ద్రౌపదమ్మ గుడో ఉంటుంది. ఎండలు ముదరడం మొదలైన దగ్గర్నుంచి వానాకాలం పైరు పనులు ఊపందుకునేదాకా, ఈ ఊరు కాకపోతే ఆ ఊళ్లో, ధ్వజారోహణ చేసి భారతం ఎత్తుకుంటారు. సాధారణంగా పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం పూట పందిట్లో హరికథ. భాగవతారు ఒక్కో రోజు ఒక్కో ఘట్టం చెప్పుకుంటూ పోతాడు. ముందు వరసలో ముసలమ్మలు, వెనక వేపచెట్టు కింద బీడీలు కాలుస్తూ మగవాళ్లు. పగలు ఎక్కడ ఆపుతారో రాత్రి నాటకం అక్కడ అందుకుంటుంది. లక్కయిల్లు, ద్రౌపదీ కల్యాణం, రాజసూయం, మాయాజూదం, రాయబారం, అభిమన్యు వధ, కర్ణ మోక్షం, పదునెనిమిదో నాటి యుద్ధం. పగలు చెవితో విన్నదాన్ని రాత్రి కంటితో చూడడం. టెలివిజన్ సీరియళ్లు పుట్టకముందే ఈ చిత్తూరు సీమ వాళ్లకు 'తరువాయి భాగం' అలవాటు.

రాత్రి నాటకం పదింటికి మొదలవుతుందని కరపత్రంలో ఉంటుంది. నమ్మి పదింటికే పోతే మైకు సెట్టువాడు తప్ప ఎవరూ కనపడరు. హార్మోనియం, మద్దెల సర్దుకుని, గణపతి ప్రార్థన అయి, అసలు పాత్రలు రావడానికి పదకొండు దాటుతుంది. ఇక కోడి కూసేదాకా తెర పడదు. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన పెద్దాయనకు ఇక్కడో చిన్న ఆశ్చర్యం ఎదురవుతుంది. ఆయనకు భారతమంటే తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు, పద్యం చివర గంటసేపు సాగే రాగం. ఇక్కడా ఆ పద్యాలు వినపడకపోవు. అయితే వాటి వెనక ఇంకో పాత పొర ఉంది. భుజకీర్తులు, కొయ్య కిరీటాలు, తెర వెనక నుంచే పాడుకుంటూ పాత్ర తనను తాను పరిచయం చేసుకోవడం, మధ్యలో వచ్చి రాజుగారినే ఎకసెక్కాలాడే హాస్యగాడు. ఇది వీధి నాటకం. సరిహద్దు అవతల తమిళులు తెరుక్కూత్తు అనే దానికి తోబుట్టువు. ద్రౌపదిని అమ్మవారిగా కొలిచే ఆచారం తమిళనాట సెంజి కోట చుట్టుపక్కల బాగా పాతుకున్నది. అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ ద్రౌపది ఆరాధన మీద సంపుటాలే రాశాడు, తొలి సంపుటం 1988లో వచ్చింది. కొండలెక్కి చిత్తూరు సీమకు చేరాక ఆ ఆచారానికి తెలుగు మాట, తెలుగు పద్యం అమరాయి.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఈ ద్రౌపది కొత్త కాదు. చైత్ర పౌర్ణమి రాత్రి నగరం నడిబొడ్డున ధర్మరాయస్వామి గుడి నుంచి ద్రౌపది పేరున కరగ బయల్దేరుతుంది. తిగళ కులస్తుడొకరు స్త్రీ వేషంలో మల్లెపూల కరగను తలకెత్తుకుని పాతపేట వీధులన్నీ తిరిగి, మస్తాన్ సాహెబ్ దర్గాలో కూడా అడుగుపెట్టి తిరిగివస్తాడు. ఐటీ కంపెనీల వెలుగు కింద ఆ పాత ఊరు ఇంకా బతికే ఉందనడానికి ఆ ఒక్క రాత్రి చాలు. కరగ చూసి ముచ్చటపడినవాళ్లు ఆ కథ మొత్తాన్ని పద్దెనిమిది రోజులూ చూడాలంటే ఇటు రావాలి.

పద్దెనిమిది రోజులూ కుదరదు కదా, ఏ రోజు రావాలి? నన్నడిగితే మూడు చెబుతాను.

బకాసుర వధ నాడు భీముడు ఎద్దులబండో ట్రాక్టరో ఎక్కి ఊరూరా తిరుగుతాడు. బండి మీద అన్నం, పిండివంటలు, పండ్ల గెలలు. దారి పొడుగునా ఇళ్లవాళ్లు ఏదో ఒకటి తెచ్చి బండిలో పెడతారు. భీముడు అందులోంచే తీసి తింటూ, పిల్లల మీదికి విసురుతూ పోతాడు. పిల్లలను తీసుకొచ్చే పనైతే ఇదే రోజు. ఈ ఘట్టాన్ని పట్టపగలే చూడొచ్చు.

అర్జున తపస్సు ఇంకో రకం. గుడి ముందు మైదానంలో నున్నగా చెక్కిన పొడుగాటి తపసు మాను పాతుతారు. అర్జున వేషధారి దాని మొదట్లో పూజ చేసి, ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యమో పాటో పాడుకుంటూ పైకెక్కుతాడు. తాళ్లు లేవు, కింద వల లేదు. పైన మంచె మీదికి చేరేసరికి గంట, రెండు గంటలు. కింద పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. ఆయన పైనుంచి నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. ఒడిలోనో చేతిలోనో పడితే కడుపు పండుతుందని నమ్మకం. నమ్మకం సంగతి వాళ్లవాళ్లకే వదిలేద్దాం. ఫోన్లు ఎత్తి వాళ్ల ముఖాలు తీయకపోతే చాలు. అక్కడ పడుకున్న మనిషి వేడుక చూడడానికి రాలేదు, వేడుకలో భాగం కావడానికీ రాలేదు.

ఇక యుద్ధం చివరి రోజు, దుర్యోధన వధ. ఒకటే చూడగలిగితే ఇదే చూడండి. అప్పటికి రెండు మూడు రోజులుగా మైదానంలో మట్టి తెచ్చి పోసి నేల మీదే వెల్లకిలా పడుకున్న దుర్యోధనుడిని మలుస్తారు. బారలకొద్దీ పొడవు, మనిషెత్తు పొట్ట, గుమ్మడికాయలంత కళ్లు, పైకి తిప్పిన మీసం. సున్నం, రంగులు పూసి కిరీటం పెట్టేసరికి పక్క ఊళ్ల నుంచి కూడా జనం చూడ్డానికి వస్తారు. రాత్రంతా పదునెనిమిదో నాటి యుద్ధం ఆడి, వేషం తీయకుండానే భీముడూ దుర్యోధనుడూ తెల్లారాక ఆ మట్టి దేహం మీదికెక్కుతారు. దాని ఛాతీ మీద, కాళ్ల మీద ఒకర్నొకరు తరుముకుంటూ గదలతో తలపడతారు. నిద్రలేని కళ్లు, చెమటకు కారిన రంగులు, గొంతు బొంగురుపోయినా ఆగని పద్యం. కృష్ణుడు తొడ చరిచి సైగ చేస్తాడు. భీముడు మట్టి తొడ మీద గద దించుతాడు. లోపల దాచిన ఎర్రనీళ్ల కుండ పగిలి చిమ్ముతుంది. ద్రౌపది వచ్చి ఆ ఎరుపు తలకు రాసుకుని ఇన్నాళ్లూ విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటుంది. అంతవరకూ బజ్జీలు తింటూ కబుర్లాడిన జనం ఆ క్షణాన ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తారు. చాలాచోట్ల ఆ మట్టిని గుప్పెడేసి ఇంటికి తీసుకుపోతారు, పొలంలో చల్లుకుంటారు. సాయంత్రం అగ్నిగుండం. దీక్షకు కాపు కట్టుకున్నవాళ్లు నిప్పుల మీద నడుస్తారు. మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకంతో అంతా సర్దుకుంటుంది.

ఇందులో ఇబ్బందులు లేవనను. మైకు మోత చెవులు చిల్లులు పడేంత ఉంటుంది. కుర్చీలుండవు, చాప మనమే తెచ్చుకోవాలి. మరుగుదొడ్ల సౌకర్యం చాలాచోట్ల లేదు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు దగ్గరి పట్నంలో గది తీసుకుని, కావలసినంత సేపే చూసి వెళ్లడం మంచిది. పక్కనే సినిమా పాటలకు రికార్డింగ్ డాన్సు పెట్టి భారతాన్ని పలచన చేసే ఊళ్లూ ఉన్నాయి. అయినా, బెంగళూరు థియేటర్‌లో ఏసీ కింద కూర్చుని రెండు గంటల్లో చూసే 'జానపద కళా ప్రదర్శన'లో దొరకనిది ఒకటి ఇక్కడుంది. వేషం కట్టినవాడూ చూసేవాడూ ఒకే పంచాయతీ వాళ్లు. పొద్దున పాలకేంద్రంలో కనపడ్డాయన రాత్రికి శకుని. "ఏందప్పా శకునీ, మా దూడనమ్మితివే గానీ దుడ్లు యాడ?" అని ఎవరో అరిస్తే, పాచికలు పక్కన పెట్టి జవాబు చెప్పాకే జూదం సాగుతుంది.

గంగమ్మల దారి

భారతం తేదీలు కుదరనివాళ్లకు గంగమ్మలున్నారు. కుప్పంలో మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర. మూడు రాష్ట్రాల జనం ఒక చిన్న పట్నంలో ఇరుక్కుంటారు, తెలుగు, కన్నడ, తమిళం ఒకే వాక్యంలో వినపడతాయి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర వేసవి మొదట్లో వస్తుంది. అమ్మవారు కొలువుదీరేది పాత జమీందారీ ప్యాలెస్‌లో. ఏడాది పొడుగునా నిశ్శబ్దంగా ఉండే రాచనగరు ఆ కాస్త సమయం ఊరందరి చేతికీ వస్తుంది.

పుంగనూరు, మదనపల్లెల మధ్య చౌడేపల్లె మండలంలో ఉంది బోయకొండ. ఏ ఆదివారమైనా సరే అది జాతరే. కొండ మీద గంగమ్మ, కింద పొయ్యిలు. మొక్కు తీర్చుకున్న కుటుంబం వాళ్లు అక్కడే వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తారు. బెంగళూరు నంబరు ప్లేటు కార్లు సగం పైనే. గోల్కొండ నవాబుల సేనను తరిమికొట్టడానికి బోయలకు అమ్మవారు అండగా నిలిచిందని స్థలకథ. ఇక్కడ పూజారి అమ్మవారి శిరసు మీద పూలు పెడతాడు. కుడివైపు పడితే తలచిన పని అవుతుందనీ ఎడమకు పడితే ఇప్పుడు కాదనీ లెక్క. పెళ్లిళ్లు, ఉద్యోగాలు, భూమి తగాదాలు అన్నీ ఆ పువ్వు కోసం క్యూలో నిలబడి ఉంటాయి. మాంసం వాసన పడనివాళ్లు ఆదివారం తప్పించి వేరే రోజు రండి.

పుంగనూరు దాకా వచ్చి ఆవు కనపడలేదని చిన్నబుచ్చుకునేవాళ్లు ఎక్కువ. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే ఈ పొట్టి జాతి ఆవు పేరుకు ఈ ఊరిదే. ఒక దశలో అంతరించిపోయే అంచుకు చేరితే పక్కనే పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం వాళ్లు నిలబెట్టుకొచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో వాటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక కథే మారిపోయింది. ఇవాళ పుంగనూరు ఆవు పుంగనూరు వీధిలో కంటే హైదరాబాద్ శివారు ఫామ్‌హౌస్ పచ్చిక మీద సులువుగా కనిపిస్తుందేమో.

మదనపల్లెలో ఒక పగలు

రాత్రి నాటకం చూసినవాళ్లకు పగలు మిగిలిపోతుంది. దానికి మదనపల్లె సరిపోతుంది. బయటివాళ్లు వచ్చి నాలుగు రోజులుండి పోవడం ఈ ఊరికి నూరేళ్ల నాటి అలవాటు. చిన్న ఎత్తు, పొడి గాలి, మితమైన ఎండ. క్షయ రోగులకు ఈ గాలి పనికొస్తుందనే డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ గత శతాబ్దం రెండో దశకంలో ఊరి బయట శానటోరియం నడిపించాడు. దాని చుట్టూ పెరిగిన పల్లె పేరే ఆరోగ్యవరం.

1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో, అంటే అనీ బెసెంట్ 1915లో పెట్టిన ఇప్పటి బీటీ కాలేజీలో, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అతిథిగా దిగాడు. విద్యార్థుల పాటల కూటమిలో ఆయన 'జనగణమన' బెంగాలీలో పాడాడు. కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం తెలిసిన మనిషి, ఆ బాణీకి స్వరలిపి రాసింది. టాగూర్ ఆ పాటను ఇంగ్లిష్‌లోకి తానే మార్చి చేత్తో రాసిచ్చిన తేదీ ఫిబ్రవరి 28. మన జాతీయగీతం బాణీకి ఆ స్వరలిపి కాగితం మీదికెక్కింది ఈ ఆవరణలోనే. ఇది కాలేజీ, పిల్లలు చదువుకునే చోటు. అనుమతి అడిగి, తరగతులు లేని వేళ చూసి రండి.

జిడ్డు కృష్ణమూర్తి పుట్టిందీ ఈ ఊళ్లోనే, 1895 మే నెలలో. ఆయన పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి తెట్టు దగ్గర, కొండల మధ్య లోయలో ఉంది. 1991 నుంచి ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతం కూడా. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప వేరెక్కడా బతకని పసుపు గొంతు పిగిలిపిట్ట ఇక్కడ కూస్తుంది. ముందు రాసి అడగకుండా గేటు దాకా పోతే వాచ్‌మన్ మర్యాదగానే తిప్పి పంపుతాడు. అది వాళ్ల హక్కు.

సాయంత్రానికి హార్స్‌లీ కొండ. నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ పంతొమ్మిదో శతాబ్దంలో వేసవి బంగళా కట్టుకున్నాక ఆయన పేరు పడింది. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులతో తిరుగుతూ రోగులకు మందిచ్చిన మల్లమ్మ అనే పిల్ల ఒకనాడు కనపడకుండా పోయిందట, జనం గుడి కట్టారు. గాలిబండ మీద గంటసేపు కూర్చుని రండి చాలు. చుట్టూ పెట్టిన మిగతా ఆకర్షణల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆ కొండకు పెట్టే సమయంలో కొంత మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెకు పెట్టండి. పట్టు మగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే పలకరిస్తుంది. చీర కొనకపోయినా అల్లిక చూపిస్తారు. వేసవిలో వస్తే పొద్దున్నే టమోటా మార్కెట్ యార్డుకు పోండి, దూరంగా నిలబడి వేలం చూడండి. 2023 జూలైలో ఇక్కడ కిలో ధర రెండు వందల దగ్గరికి ఎగబాకింది. ఇంకో ఏడు రోడ్డు పక్కన పారబోస్తారు. రాత్రి చూసిన మాయాజూదానికి ఇది పగటి రూపం.

చరిత్ర, బొమ్మలు ఇష్టమైనవాళ్లు ములకలచెరువు వైపు సోంపాళెం చెన్నకేశవాలయానికి పోవాలి. విజయనగర కాలపు వర్ణచిత్రాలు మండపం కప్పు మీద ఇంకా మిగిలి ఉన్నాయి. గుడి ముందు దీపస్తంభం చూడడానికి మెడ పూర్తిగా వెనక్కి వంచాలి. ఆలయాల జాబితాలు చెప్పేవాళ్లు లేపాక్షి దగ్గరే ఆగిపోతారు, పాపం.

తిండి సంగతి. బెంగళూరు దర్శిని హోటళ్ల ఇడ్లీకి అలవాటు పడ్డ నాలుకకు ఇక్కడి సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, ఊరిబిండి మంచి మార్పు. చలికాలంలో వస్తే అనపకాయల రోజులు. నానబెట్టి తొక్క తీసిన అనపగింజలతో చేసే పితికిపప్పు హోటల్లో దొరకడం అరుదు. ఎవరింటికైనా భోజనానికి పిలుపొస్తే వద్దనకండి.

కుప్పం, రైలు దిగగానే

కారు లేనివాళ్లకు కుప్పమే సులువు. బంగారుపేట తర్వాత బిసానత్తం, గుడుపల్లె, ఆపైన కుప్పం. కిటికీ బయట బోర్డుల మీద అక్షరాలు కన్నడం నుంచి తెలుగుకు మారతాయి, మరి రెండు మూడు స్టేషన్లు పోతే తమిళం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ పెట్టడానికి కారణం ఆ కిటికీలోంచే తెలిసిపోతుంది. దాని ఆవరణ ఒక చిన్న అడవి. సాయంత్రం నడకకు అంతకంటే మంచి చోటు చుట్టుపక్కల లేదు.

అడవి అంటే గుర్తొచ్చింది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వలస వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అవి మనకు వినోదం, రైతుకు కాదు. చెరకు, వరి, అరటి తోటల్ని ఒక్క రాత్రిలో తొక్కేస్తాయి. మనుషులూ పోయారు. అందుకని చీకటి పడ్డాక రామకుప్పం వైపు అడవి దారుల్లో ఏనుగుల కోసం కారాపి కూర్చునే సాహసం వద్దు. చూడాలనిపిస్తే పగటిపూట ననియాల శిబిరంలో మావటీల దగ్గరున్న వాటిని చూడొచ్చు. పొద్దున్నే కాళ్లకు ఓపికుంటే పాత జమీందారీ కోట ఉన్న కంగుంది బండలెక్కొచ్చు.

ఇంతకీ భారతం తేదీలు తెలుసుకోవడం ఎలా? నెట్‌లో వెతికితే దొరకవు, దొరికినా నిరుటివై ఉంటాయి. మార్చి వచ్చాక మదనపల్లె, పుంగనూరు, కుప్పం బస్టాండ్లలో టీ కొట్టు గోడలు చూడండి. పసుపుపచ్చ కరపత్రం అతికించి ఉంటుంది. ఊరు, ఏ రాత్రి ఏ నాటకం, ఏ వేషం ఎవరిది, అన్నీ వరసగా వేస్తారు. టీ కాచేవాణ్ని అడిగితే ఇంకా నయం, "దుర్యోధనుడు పడేది ఈ ఆదివారం కాదు సార్, వచ్చే ఆదివారం" అని చెప్పేస్తాడు. ఒక చాప, ఒక దుప్పటి, నీళ్లు, చిల్లర నోట్లు తెచ్చుకోండి. బొరుగులు, మిరపకాయ బజ్జీలు అక్కడే దొరుకుతాయి. పద్యం నచ్చితే చప్పట్లతో సరిపెట్టకండి, హార్మోనియం దగ్గరికెళ్లి వందో రెండొందలో చదివించండి. ఇచ్చేటప్పుడు పేరు ఒక్కటే చెబితే వాళ్లు ఒప్పుకోరు, ఊరు కూడా అడుగుతారు. బెంగళూరు అని చెప్పకండి, మీ సొంతూరు పేరు చెప్పండి. యుద్ధం మధ్యలో ఆపి మరీ మైకులో చదువుతారు.